28 వేలకే ఐ7 డెస్క్‌టాప్ అంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మా అక్క కొడుకు బీటెక్‌లో చేరాడు, ల్యాప్‌టాప్ కావాలన్నాడు. చూస్తే 42 వేలకి ఐ3 ప్రాసెసర్ (ఇంటెల్ వాళ్ల ఐ3, ఐ5, ఐ7ల్లో కింది రకం), 8 జీబీ ర్యామ్. వాడు రోజూ ఇంటి నుంచే కాలేజీకి వెళ్తాడు, మోసుకు తిరిగే పని లేదు, అంతకంటే తక్కువకే మంచి డెస్క్‌టాప్ వస్తుంది కదా అని బావకి సలహా ఇచ్చిన మహానుభావుణ్ణి నేనే. ఆ సలహా తప్పని ఇప్పటికీ అనుకోవట్లేదు. సికింద్రాబాద్‌లో షాపులన్నీ తిరిగి తిరిగి చివరికి ఒకచోట బోల్తా పడ్డాం, అదీ కథ.

"ఐ7 సార్, 16 జీబీ, 512 ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 22 అంగుళాల మానిటర్‌తో కలిపి 28 వేలు" అన్నాడు అక్కడి షాపువాడు. అద్దాల క్యాబినెట్, లోపల రంగురంగుల ఫ్యాన్లు, ముందు తళతళలాడే ఐ7 స్టిక్కర్. మావాడి మొహం వెలిగిపోయింది. నాదీ వెలిగిందనుకోండి. జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం అదనం అన్నాడు, వద్దులే అన్నాం. గులాబీ రంగు చీటీ మీద "ఐ7 సెట్ - 1" అని రాసిచ్చాడు.

నాలుగో రోజు ఫోన్. "మామా, వాలరెంట్ గేమ్ ఓపెన్ అవ్వట్లేదు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదంటోంది." స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి, సిస్టమ్‌లోకి వెళ్లి ప్రాసెసర్ దగ్గర ఏముందో ఫోటో తీసి పంపమన్నాను. ఐ7-3770. మూడో జనరేషన్, 2012లో వచ్చింది, అప్పటికి మావాడికి ఐదేళ్లు.

విండోస్ 11కి ఇంటెల్‌లో కనీసం 8వ జనరేషన్ ఉండాలి, షాపువాళ్లు ఆ చెకింగ్‌ని దాటించి ఎక్కించేశారు. పోనీ విండోస్ 10కి వెళ్దామంటే దాని సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. మదర్‌బోర్డు కొత్తదే గానీ హెచ్61 చిప్‌సెట్, 2011 నాటిది, దాని మీద ఎస్ఎస్‌డీ సగం స్పీడుకే నడుస్తుంది. ర్యామ్ డీడీఆర్3 అనే పాత రకం, కొత్త బోర్డులో పెడదామన్నా పట్టదు. గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, బాగా నెమ్మది రకం. అది 4 జీబీ అయినా ఒకటే, 40 అయినా ఒకటే.

షాపుకి వెళ్లి గొడవపడితే అతను తాపీగా, "ఐ7 అన్నాం, ఐ7 ఇచ్చాం. ఎన్నో జనరేషన్ అని మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, నిజంగానే అడగలేదు. వెనక్కి తీసుకుంటే 14 వేలు ఇస్తాడట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకున్నా, చేతిలో ఉన్నది షాపు పేరు కూడా లేని చీటీ.

కాబట్టి ఐ5, ఐ7 అనే మాటల్ని అసలు పట్టించుకోకండి, దాని తర్వాత వచ్చే నంబర్ అడగండి. నాలుగంకెలుంటే మొదటి అంకె జనరేషన్ (ల్యాప్‌టాప్‌లలో ఆ అంకె 1 అయితే మొదటి రెండూ కలిపి చూడాలి), ఐదంకెలుంటే మొదటి రెండు: 3770 మూడోది, 12100 పన్నెండోది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో కూడా ఇదే ఆట. ఐ7-6600యూ అని గొప్పగా చెప్తారు, అందులో ఉన్నవి రెండే కోర్లు (అసలు పని చేసే భాగాలు). ఆ నంబర్, ర్యామ్ డీడీఆర్ ఎంతో, బోర్డు మోడల్ ఏమిటో అన్నీ జీఎస్టీ బిల్లులో రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి, పక్కనే ఇంకో షాపుంటుంది. ఆ 18 శాతం మిగిలిందని సంతోషపడకండి, నేనూ పడ్డాను.

చివరికి మానిటర్, క్యాబినెట్, ఎస్ఎస్‌డీ ఉంచుకుని, వేరే షాపులో ఇంకో 19 వేలు పోసి ఐ3-12100, దానికి తగ్గ బోర్డు, ర్యామ్ వేయించాం. పాత ఐ7 కంటే ఈ ఐ3యే చాలా ఫాస్ట్, వాలరెంట్ కూడా ఓపెన్ అయింది. ముందున్న ఐ7 స్టిక్కర్‌ని మాత్రం మావాడు పీకనివ్వట్లేదు, ఫ్రెండ్స్ వస్తారట.