సోస్వేవొన్ తోట, చాంగ్‌ప్యొంగ్ పాత ఇళ్లు: కూర్చునే ఓపిక ఉంటేనే వెళ్లండి

కొరియా అంటే సియోల్, షాపింగ్, డ్రామాల్లో చూపించే వీధులు అనుకునేవాళ్లకు ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. ఇది దక్షిణాన గ్వాంగ్జూ పక్కనున్న దమ్యాంగ్ జిల్లా పల్లెల సంగతి. తమ్ముడు గ్వాంగ్జూలో చదువుతున్నాడు కాబట్టి, దీపావళి అయ్యాక నల్లగొండ నుంచి అమ్మను తీసుకుని వెళ్లాను. మన ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీల్లో నాకైతే ఈ పేర్లు ఎక్కడా కనపడలేదు.

ముందు సోస్వేవొన్ తోట. టికెట్ 2,000 వోన్లు, మన డబ్బుల్లో 120 రూపాయల పైచిలుకు. లాన్లు, ఫౌంటెన్లు, వరసగా పూలమొక్కలు ఉంటాయనుకుంటే అవేవీ లేవు. వెదురు పొదల మధ్య నడిచి లోపలికి పోతే ఒక వాగు, దాని ఒడ్డున రెండు మూడు చిన్న కట్టడాలు, అంతే. పావుగంటలో చుట్టేసి సెల్ఫీ దిగి వెళ్లిపోయేవాళ్లు మా ముందే బోలెడుమంది.

మీరు మాత్రం గోడ దగ్గర ఆగండి. రాళ్లు, మట్టితో కట్టి పైన పెంకులు కప్పిన ప్రహరీ అది, వాగుకు సరిగ్గా అడ్డంగా వస్తుంది. వాగును మళ్లించలేదు, గోడనూ అక్కడితో ఆపేయలేదు, కింద బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి వాటి మీద గోడ నిలబెట్టారు, నీళ్లేమో ఆ సందులోంచి దర్జాగా లోపలికొచ్చి బండల మీదుగా జారి కిందికి దూకుతున్నాయి. అందులో కొన్ని నీళ్లు, లోపల గాడిలా తొలిచిన దుంగ గుండా ఒక చిన్న కుంటలోకి పోతాయి. ఎవుసం చేసిన మనిషి కదా, అమ్మ ఆ దుంగ దగ్గర వంగి వాలు చూసి "మోటర్ లేకుంటనే మంచిగ పారబెట్టిండ్రు" అని మెచ్చుకుంది.

దీన్ని కట్టింది యాంగ్ సాన్-బో. ఆయన గురువు జో గ్వాంగ్-జో రాజుగారి కొలువులో సంస్కరణలు తేబోయి శత్రువుల్ని పెంచుకున్నాడు, 1519లో పదవి ఊడగొట్టి దూరం పంపి విషమిచ్చి చంపారు. అప్పటికి శిష్యుడిది ఇంకా మీసాలు రాని వయసు. ఈ రాజకీయాలు మనకొద్దని సొంతూరికొచ్చి, ఈ తోట కట్టుకుని ఇక్కడే ఉండిపోయాడు. 1597లో జపాన్ దండయాత్రలో తగలబడితే వారసులు మళ్లీ కట్టారు. తోటను అమ్మొద్దని యాంగ్ తన పిల్లలకు గట్టిగా చెప్పి పోయాడట, తరాలుగా ఆ వంశమే చూసుకుంటోంది. మన సాగర్ రోడ్డు మీదైతే ఈపాటికి వెంచర్ వేసి ఫ్లెక్సీ కట్టేవాళ్లు.

వాగు పక్కనే గ్వాంగ్‌పుంగ్గాక్ అనే కట్టడం ఉంది. మధ్యలో ఒకే ఒక్క బుల్లి గది, చుట్టూ చెక్క వసారా. గది తలుపులు పక్కకు కాదు, పైకి లేస్తాయి. ఎత్తి కొక్కేలకు తగిలిస్తే ఇక గోడలే ఉండవు, గది మొత్తం వసారాలో కలిసిపోతుంది. చెప్పులు విడిచి అక్కడ కూర్చుంటే నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా టికెట్ డబ్బులు అక్కడే వసూలైపోయాయి.

రాత్రి బస చాంగ్‌ప్యొంగ్ ఊళ్లో. 2007లో ఆసియాలో మొదటిసారి 'స్లో సిటీ' (హడావుడి లేకుండా నిదానంగా బతికే ఊరు) గుర్తింపు వచ్చిన ఊళ్లలో ఇదొకటి. తోట అంత పాతవి కావు ఇళ్లు, చాలావరకు గత శతాబ్దం మొదట్లో కట్టినవి. సందులన్నీ రాయీ మట్టీ గోడలే, వాటి వెనక జనం నిజంగానే కాపురాలు చేసుకుంటున్నారు, కాబట్టి తలుపు తీసి ఉంది కదా అని లోపలికి దూరకండి.

మేమున్న ఇంటికి మాత్రం ఐదుకు మూడే ఇస్తాను. బాత్రూం ఇరుకు, కాగితం తలుపులు కావడంతో పక్క గదిలో దగ్గినా వినపడుతుంది. పడక నేల మీదే. "ఏందిరా, గింత పెద్దింట్ల ఒక్క మంచం లేదు?" అని తమ్ముడి మీద గయ్యిమంది అమ్మ. కానీ నేల వెచ్చగా ఉంటుంది చూడండి, అది వేరే సుఖం. వెనకటికి బయట పొయ్యిలో మంట పెడితే, ఆ వేడి పొగ నేల కింది బండల అడుగు నుంచి పాకి అవతలి పొగగొట్టంలోంచి పోయేది, పొయ్యి వైపున్న చోటు పెద్దవాళ్లకు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు చాలా ఇళ్లలో బాయిలర్, పైపుల్లో వేడినీళ్లు. మాదీ అదే. పొద్దున లేచేసరికి అమ్మ మోకాళ్ల నొప్పి ఊసే ఎత్తలేదు!

తిండి కొంచెం కష్టం. ఊరి సంతలో పంది మాంసం సూప్ ఫేమస్, శనివారం నీసు ముట్టని అమ్మకు అది కుదరదు, కిమ్చీలో (వాళ్ల పులియబెట్టిన కూరగాయల పచ్చడి) కూడా చేపలదో రొయ్యలదో పులుసు కలుపుతారు. పచ్చడి సీసా వెంట ఉంచుకోండి. బియ్యం, మొలకెత్తిన బార్లీతో చేసే యొత్ అనే మిఠాయి మాత్రం తప్పకుండా కొనండి, పళ్లకు అంటుకోదు.

గ్వాంగ్జూ నుంచి తోటకు సిటీ బస్సు ఉంది కానీ చాలాసేపటికొకటి, చివరి బస్సు టైం ముందే ఫోటో తీసి పెట్టుకోండి. పెద్దవాళ్లు వస్తుంటే మంచం ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి.