రెండేళ్లుగా వాడుతున్న విశ్వవిద్యాలయ బ్యాటరీ ల్యాబు: నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న షెడ్డు. ఎలక్ట్రిక్ ఆటోలకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ ప్యాకులు తయారు చేస్తాం. 3.2 వోల్టుల సెల్లులు పదహారు వరుసగా కలిపితే 51.2 వోల్టులు. 2022 ఏప్రిల్‌లో ఈ ఊళ్లోనే, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అప్పటినుంచి మల్టీమీటర్‌తో వోల్టేజీ చూసి ప్యాకు పంపేయాలంటే మనసు ఒప్పుకోలేదు. దగ్గర్లోని ఒక విశ్వవిద్యాలయం తన ల్యాబును బయటివారికి గంటల లెక్కన ఇస్తుందని తెలిసి వెళ్లాను.

మొదటి రోజే కళ్లు తెరుచుకున్నాయి. ప్యాకును 45 డిగ్రీల గదిలో పెట్టి, ప్రతి సెల్లుకూ వేడిని తట్టుకునే పసుపు రంగు కాప్టాన్ టేపుతో ఒక థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) అంటించారు. గంట గడిచేసరికి చివరి సెల్లులు 49 దగ్గర ఉన్నాయి, నడిమి మూడూ 57 దాటాయి. రెండు పక్కలా వేడి సెల్లులే ఆనుకుని ఉంటే వాటి వేడి ఎటు పోతుంది? మే నెల మధ్యాహ్నం బండి ఆపీ ఆపగానే ఛార్జింగ్ పెట్టే మా ఆటోవాళ్లు గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. సెల్లుల మధ్య సందు వదిలి, అడుగున అల్యూమినియం పలక వేశాం. నాలుగో ప్రయత్నానికి తేడా మూడు డిగ్రీలకు దిగింది. ఆ ఒక్క మార్పుకే నేను కట్టిన డబ్బంతా గిట్టింది.

సెల్లులను అంతర్గత నిరోధాన్ని (సెల్లు లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డును) బట్టి జత చేయడమూ అక్కడే నేర్చుకున్నాను.

ఇబ్బందులు లేకపోలేదు. ప్యాకును ఒకసారి ఛార్జి చేసి ఖాళీ చేస్తే ఒక సైకిల్. గంటసేపు ఛార్జి, గంటసేపు డిశ్చార్జి చొప్పున ఆపకుండా నడిపినా అలాంటి 500 సైకిళ్లకు నలభై రోజులు దాటుతుంది. పరిశోధక విద్యార్థుల పని ఉంటే మన వంతు వెనక్కి పోతుంది. ఒకసారి కరెంటు పోయి పన్నెండు రోజుల రికార్డు చెరిగిపోయింది. కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టకపోవడం క్షమించలేని నిర్లక్ష్యం, ఆ మాట వాళ్ల ముఖం మీదే చెప్పాను. ఇప్పుడు పెట్టారు.

ఇక్కడి నివేదిక అమ్మకానికి చాలదు. ఏఐఎస్-156 (విద్యుత్ ఆటోలు, స్కూటర్ల బ్యాటరీ భద్రతా ప్రమాణం) ధ్రువీకరణకు పుణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన సంస్థకు వెళ్లాల్సిందే. అయితే అక్కడ బయటపడే తప్పులు ముందే ఇక్కడ పట్టుబడితే ఎంతో ఖర్చు మిగులుతుంది.

వెళ్లేవారు బస్‌బార్లు (సెల్లులను కలిపే లోహపు పట్టీలు), బోల్టులు, వాటిని సరైన బిగువులో బిగించే టార్క్ రెంచీ సొంతవే పట్టుకెళ్లండి. ముద్రించిన నివేదికతో సరిపెట్టుకోకుండా, ప్రతి సెల్లు కొలతలూ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి.