28 ఎంఎం బొమ్మలకి అట్ట ఇల్లు, పీడీఎఫ్ కిట్ ఎలా ఉందంటే

వార్‌గేమ్ (సుమారు 28 ఎంఎం ఎత్తుండే సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధం ఆట) టేబుల్ కోసం రాతి ఇల్లు పీడీఎఫ్ కిట్ కొన్నా, ప్రింట్ తీసి కత్తిరించి అతికించుకోవడమే. మొదటిసారి జిరాక్స్ షాపాయన ‘ఫిట్ టు పేజ్’ పెట్టి కొట్టేశాడు, ఇల్లు కుంచించుకుపోయి మా సైనికుడు తల వంచినా గుమ్మంలో పట్టట్లేదు 😂 100 శాతం స్కేల్ అని చెప్పి మరీ తీయించుకోండి. 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 200 గ్రాముల బరువు) అట్ట చాలు, కానీ మడత గీత మీద స్కేలు పెట్టి ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో ఓసారి గట్టిగా గీస్తేనే మూల నీట్‌గా వస్తుంది లేకపోతే రంగు పగిలి తెల్లగా కనిపిస్తుంది. అంచులకి బూడిద రంగు స్కెచ్‌పెన్ పూశాక అచ్చం రాయే. పైకప్పు ఊడొస్తుంది, లోపల బొమ్మలు పెట్టొచ్చు, అది సూపర్. పొగగొట్టం మాత్రం నరకం, అతికించే రెక్కలు మరీ సన్నం, గమ్ అంతా వేళ్లకే. ఫ్యాన్ గాలికి ఎగరకుండా నేనైతే అడుగున 5 ఎంఎం ఫోమ్ బోర్డు వేశా.