స్టూడెంట్ వీసా మీద ఇంగ్లిష్ పాఠాలు: చైనాలో మేలా, జపాన్‌లో మేలా?

మా పిన్ని కొడుకు చైనాలో ఎంబీబీఎస్ చదివాడు, నేను జపాన్‌లో మాస్టర్స్ చేశాను. ఇద్దరం స్టూడెంట్ వీసా మీదే వెళ్లాం, ఇద్దరం ఇంగ్లిష్ పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు చూశాం. గంట లెక్కన చూస్తే వాడిదే పైచేయి. అయినా ఎవరైనా అడిగితే వాడి దారిలో వెళ్లొద్దనే చెబుతాను. వాడూ అదే చెబుతాడు.

వాడికి గంటకి 150 యువాన్లు ఇచ్చేవారు, శని ఆదివారాల్లో నాలుగేసి గంటలు. చిన్నపిల్లలకి కార్డులు చూపించి యాపిల్, బనానా అనిపించడమే పని. చేరిన రోజే ఆ ట్యూషన్ సెంటర్ ఓనరమ్మ రెండు మాటలు చెప్పిందట: తల్లిదండ్రులు అడిగితే లండన్ నుంచి వచ్చానని చెప్పాలి, యూనిఫాంలో ఎవరైనా కనిపిస్తే వంటగది పక్క తలుపులోంచి వెళ్లిపోవాలి. తెనాలి కుర్రాడు లండన్ అబ్బాయి ఎలా అయ్యాడో ఆ పైవాడికే తెలియాలి. సరే, మొదటి మాటకి నవ్వుకున్నా రెండో మాటకైనా వెలగాలి కదా, వెలగలేదు.

చైనాలో 2013 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఎగ్జిట్-ఎంట్రీ (దేశంలోకి రాకపోకల) చట్టం ప్రకారం వర్క్ పర్మిట్ లేకుండా పనిచేసిన విదేశీయుడికి 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా, కేసు తీవ్రమైనదనుకుంటే 5 నుంచి 15 రోజులు లోపల పెట్టొచ్చు, దేశం నుంచి పంపించేయనూవచ్చు. స్టూడెంట్లకి దారి పూర్తిగా మూసేశారని కాదు. యూనివర్సిటీ ఒప్పుకోవాలి, ఆ కాగితంతో పోలీసుల ఎగ్జిట్-ఎంట్రీ ఆఫీసుకి వెళ్లి రెసిడెన్స్ పర్మిట్ మీద పార్ట్‌టైం అని రాయించుకోవాలి. వాడు పనిచేసిన సెంటర్ ఆ ఊసే ఎత్తలేదు. పైగా 2021 జులైలో ప్రభుత్వం ప్రైవేట్ ట్యూషన్ల మీద విరుచుకుపడిన దగ్గర్నుంచి ఆ వ్యాపారమే బిక్కుబిక్కుమంటూ నడుస్తోంది.

పట్టుబడితే సెంటర్‌కి పోయేది మనిషికి 10,000 యువాన్ల జరిమానా. కుర్రాడికి పోయేది ఐదేళ్ల చదువు, నాన్న చేసిన అప్పు. ఒక శనివారం పక్క సెంటర్‌కి తనిఖీకి వచ్చారని తెలిసి వీడు నిజంగానే వంటగది తలుపులోంచి బయటికెళ్లి, చేతిలో పండ్ల బొమ్మల కార్డులతో సందులో చలికి ముప్పావుగంట నిలబడ్డాడు. మర్నాటి నుంచి మానేశాడు. చివరి నెల జీతం ఇవ్వలేదు. ఎవరికి చెప్పుకుంటాడు?

జపాన్ లెక్క వేరు. అక్కడ స్టూడెంట్ వీసా ఒక్కటే ఉంటే పని చెయ్యకూడదు గానీ, విడిగా ఒక అనుమతి ఉంటుంది. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దిగిన రోజే ఫారం ఇస్తే రెసిడెన్స్ కార్డు వెనక ముద్ర వేస్తారు, పైసా ఖర్చు లేదు. దాంతో వారానికి 28 గంటలు, వేసవి సెలవుల్లాంటి పెద్ద సెలవుల్లో రోజుకి 8 గంటలు పని చెయ్యొచ్చు. హోస్టెస్ బార్లు, పచింకో అనే జూదం ఆడే హాళ్ల లాంటి చోట్ల తప్ప ఏ పనైనా సరే, ఇంగ్లిష్ పాఠాలతో సహా. రెండు చోట్ల చేసినా 28 గంటలు మొత్తానికే, చోటుకి 28 కాదు. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. చదువయ్యాక వర్క్ వీసాకి పెట్టుకున్నప్పుడు పన్ను కాగితాలు అడిగితే, మీరు ఎంత సంపాదించారో అందులోనే ఉంటుంది.

ఇంకో మెలిక. కెఫేలో కూర్చుని ఒకరిద్దరికి పాఠం చెప్పి గంటకి 2,500 యెన్లు చేతిలో పెట్టించుకుంటే హాయిగా ఉంటుందనిపిస్తుంది. కానీ ఆ మామూలు ముద్ర, గంటలు లెక్కకట్టి జీతమిచ్చే ఉద్యోగానికే. సొంతంగా చెప్పుకునే పాఠాలకి, కాంట్రాక్టు పద్ధతిలో చేసే పనికి మళ్లీ ప్రత్యేకంగా అనుమతి అడగాలి. ఆన్‌లైన్ పాఠాలు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు.

మరి జపాన్‌లోనే ఉన్నప్పుడు కన్వీనియెన్స్ స్టోరా, ఇంగ్లిష్ క్లాసా? నేను రెండూ చేశాను. టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబర్లో గంటకి 1,226 యెన్లు అయింది, స్టోర్లో ఆ చుట్టుపక్కలే ఇస్తారు, రాత్రి పది దాటితే పాతిక శాతం ఎక్కువ. క్లాసుకి అంతకన్నా బాగానే వస్తుంది. కానీ శనివారం మూడు గంటల క్లాసు కోసం రానూపోనూ రెండు గంటలు రైల్లో కూర్చుంటే ఆ తేడా కాస్తా కరిగిపోతుంది. ఇక స్టోర్లో నేర్చుకున్నంత జపనీస్ నాకు యూనివర్సిటీలో రాలేదు. సిగరెట్ పెట్టెల్ని పేరుతో కాదు, నంబరుతో అడుగుతారు. వెనక అరల నిండా నంబర్లే. మొదటి వారం ఎవరో 'తొంభై రెండు' అంటే నేను ఇరవై తొమ్మిది ఇచ్చి క్షమించమని వంగి వంగి దండాలు పెట్టాను.

క్లాసులో గౌరవం మాత్రం ఉంది, ఒప్పుకోవాలి. రిటైరైన ఒక పెద్దావిడ ప్రతి వారం నోట్సు రాసుకుని వచ్చేది. ఒకసారి నేను క్లాసు 'ప్రిపోన్' చేద్దామన్నాను. ఆవిడ ఎలక్ట్రానిక్ డిక్షనరీ తీసి ఐదు నిమిషాలు వెతికి, దొరకలేదని తనే సారీ చెప్పింది. ఆ రోజు తెలిసింది, నేను చెబుతున్నది మన ఇంగ్లిషని.

నన్నడిగితే మొదటి ఏడాది స్టోర్లో చేసి, భాష కాస్త పట్టుబడ్డాక క్లాసుకి మారడం మేలు. ఇదే వృత్తి చేసుకుందామనుకుంటే స్టూడెంట్ వీసా దారి ఎందుకు? డిగ్రీ పెట్టుకుని నేరుగా వర్క్ వీసాకి వెళ్లడం నయం. ఒక్కటి గుర్తుంచుకోండి: జపాన్ స్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పే ఇన్‌స్ట్రక్టర్ వీసాకి పన్నెండేళ్లు ఇంగ్లిష్‌లోనే చదివినట్టు చూపించమంటారు. పది దాకా తెలుగు మీడియం చదివి ఇంటర్లో మారినవాళ్లు, ఏజెంట్‌కి డబ్బు కట్టకముందే ఆ పన్నెండేళ్లూ లెక్కేసుకోండి.