సియెం రీప్‌లో రెండు రాత్రి భోజనాలు

ముందే చెప్పేస్తున్నా, సియెం రీప్ అంటే కంబోడియాలో అంగ్‌కోర్ వాట్ గుళ్లుండే ఊరే అయినా వాటి గురించి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు. మూడు రోజుల పాస్ మనిషికి 62 డాలర్లు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు కానీ పాస్‌పోర్ట్ చూపించాలి, సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున ఐదింటికల్లా అక్కడుండాలి. గుళ్లు చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, అంతే. నేను రాస్తున్నది మేం తిన్న రెండు రాత్రి భోజనాల గురించి. మొదటిదాని మీద కోపం ఇంకా చల్లారలేదు, రెండోదాని గురించి నలుగురికీ చెప్పకుండా ఉండలేను.

వెళ్లింది నలుగురం: నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా అబ్బాయి, మా అత్తగారు. అత్తగారిది కోనసీమ, పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని మనిషి. కంబోడియాలో శాకాహారులకు అసలు ఇబ్బంది మాంసంతో కాదు, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి వద్దంటాం. ఇబ్బందల్లా చేపల సాస్‌తోనే. మనం ఉప్పు వేసినంత మామూలుగా వాళ్లు దాన్ని కూరగాయల వేపుడులో కూడా వేస్తారు, అది చాలనట్టు ప్రహోక్ అని ఊరబెట్టిన చేప ముద్ద ఒకటి.

మొదటి రాత్రి మా హోటల్ కౌంటర్‌లో అబ్బాయి అక్కడి సంప్రదాయ అప్సర డ్యాన్స్‌తో బఫే బుక్ చేశాడు. పెద్దవాళ్లకు 18 డాలర్లు, పిల్లాడికి 9, మొత్తం 63. వెజ్ ఉంటుందా, చేపల సాస్ లేకుండా ఉంటుందా అని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ ‘యెస్ సర్, వెజ్ వెజ్’ అన్నాడు. తీరా వెళ్తే బస్సుల్లో దిగిన జనంతో హాలు కిక్కిరిసి ఉంది. ఏ గిన్నెలో ఏముందో చెప్పే దిక్కు లేదు, అడిగితే నవ్వి వెళ్లిపోతున్నారు. అత్తగారు తెల్లన్నం, నాలుగు పుచ్చకాయ ముక్కలు తిని ‘పర్లేదు బాబూ, నాకంత ఆకలిగా లేదు’ అన్నారు. పొద్దున పదకొండింటికి తిన్న మనిషికి ఆకలి లేకపోవడమేంటి! రూముకొచ్చాక బ్యాగులోంచి అటుకులు తీసుకుని తింటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఇంకోటి. హోటల్ వాళ్లు పెట్టిన టుక్‌టుక్ డ్రైవర్ మమ్మల్ని అడగకుండానే ఓ అనాథాశ్రమానికి తీసుకెళ్లాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లల్ని వరసగా నిలబెట్టి డ్యాన్స్ చేయించారు, ముందు ఓ విరాళాల డబ్బా. మా ఆవిడ 20 డాలర్లు వేసింది. తర్వాత చదివితే తెలిసింది, ఆ దేశంలో ఇలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారట, టూరిస్టుల డబ్బు వస్తుంటే ఆశ్రమాలూ పెరిగాయట. ఆ సాయంత్రమంతా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. మనం మంచి అనుకుని వేసిన డబ్బే ఆ పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచుతోందంటే ఎవరికి మాత్రం మాట వస్తుంది?

ఆ రాత్రే ఫోన్‌లో వెతికి మారుమ్ అనే రెస్టారెంట్ ఆవిడే పట్టుకుంది. ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నడుపుతుంది, బతుకుతెరువు దొరకని పిల్లలకు వంట, వడ్డన నేర్పి ఉద్యోగాలకు తయారుచేస్తారు. సియెం రీప్‌లో వాళ్ల కార్యక్రమం పేరు కల్యాణ్ మిత్, అంటే మన కల్యాణ మిత్రుడే, మంచి స్నేహితుడన్నమాట. వాళ్ల ఖ్మేర్ భాషలో మారుమ్ అంటే మునగ అని తెలిసేసరికి అత్తగారు సగం నెమ్మదించారు.

చెక్క ఇల్లు, చుట్టూ తోట. నేర్చుకునేవాళ్ల చొక్కా మీద ‘స్టూడెంట్’ అని, నేర్పేవాళ్ల చొక్కా మీద ‘టీచర్’ అని ఉంటుంది. మాకు వడ్డించిన అబ్బాయికి పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. చేపల సాస్ వద్దని చెప్పగానే మెనూ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, తిరిగొచ్చి, మేం అడిగిన నాలుగింట్లో ఒకటి కుదరదు, మిగతావి సాస్ లేకుండా చేస్తారు అని వేలు పెట్టి చూపించాడు. ‘కుదరదు’ అన్న మాట ఆ ఊళ్లో వినడం అదే మొదటిసారి, ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ప్లేట్లు తెచ్చాడు. అరటిపువ్వు సలాడ్ అత్తగారి ముందు పెట్టాడు గానీ పుట్టగొడుగుల వేపుడు పెట్టబోయి ఆగిపోయాడు. అనుమానం వచ్చినట్టుంది, వెనక్కి తీసుకెళ్లాడు. వెనకే నిలబడ్డ టీచరమ్మ ఒక్క మాటా అనలేదు, వాడినే వెళ్లనిచ్చింది. నిజంగానే అందులో సాస్ వేశారట. పావుగంట తర్వాత వేరేది చేయించి తెచ్చి రెండు చేతులూ జోడించి సారీ చెప్పాడు. అడిగేవాళ్లు లేకపోయినా తనే ఆగి చూసుకున్నాడు చూడండి, నేను డబ్బిచ్చింది దానికి. అత్తగారు అరటిపువ్వు తింటూ ‘మనం ఆవపెట్టి చేస్తాం, వీళ్లు నిమ్మరసం పిండారు, బాగుంది’ అని రెండోసారి తెప్పించుకున్నారు.

మాకు చికెన్, గుమ్మడికాయ కూర, అన్నం, నిమ్మ షర్బత్‌లు, అన్నీ కలిపి 38.50 డాలర్లు. మెనూలో ఎర్రచీమలతో బీఫ్ కూడా ఉంది, మావాడు అది తెప్పించమని గంటసేపు ప్రాణం తీశాడు. లోపాలూ చెప్తాను: ప్లేట్లు చిన్నవి, బాగా తినేవాళ్లు మనిషికి రెండు చెప్పుకోవాలి. మొదటి ప్లేటు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. తోటలో దోమలున్నాయి, ఒడోమాస్ పట్టుకెళ్లండి. డాలర్లు చిరుగూ మరకా లేనివి దగ్గరుంచుకోండి, చిరిగిన డాలర్ నోటు ఆ దేశంలో చాలామంది తీసుకోరు.

ఇంకోటి, పేరు ఒక్కటీ చెప్పి ఊరుకోకుండా డ్రైవర్‌కి మ్యాప్ చూపించండి. మా డ్రైవర్ ‘ఆ రెస్టారెంట్ మూసేశారు, ఇంకో మంచిది ఉంది’ అని దారి మళ్లించబోయాడు.

ఆఖరి రాత్రి ఎక్కడ తిందామంటే అత్తగారే ‘ఆ పిల్లాడి దగ్గరికే వెళ్దాం’ అన్నారు. బుక్ చెయ్యకుండా ఏడున్నరకు వెళ్లి అరగంట నిలబడ్డాం. మీరు మాత్రం ముందే బుక్ చేసుకుని వెళ్లండి.