ఇంటి షెడ్డుకి ప్లేనర్: కొత్త దిగుమతి మిషనా, పాత ఇనుప మిషనా?

పాత ఇళ్ళు పడగొట్టినచోట టేకు దూలాలు కొనుక్కొచ్చినా, టింబర్ డిపోలో సైజులు కోయించుకున్నా, చెక్క సాపు కానిదే ఏ పనీ మొదలవదు. ఇంటి దగ్గర చెక్కపని చేసుకునేవాళ్ళ ముందు రెండు దారులున్నాయి. ఒకటి మకీటా 2012ఎన్‌బీ లాంటి దిగుమతి థిక్‌నెస్ ప్లేనర్. రెండోది ఏదో ఫర్నిచర్ వర్క్‌షాపు మూసేస్తూ అమ్మకానికి పెట్టే 12 అంగుళాల పోత ఇనుము సర్ఫేస్ ప్లేనర్. రెండూ ఒకే పని చేస్తాయనుకుని ధరలు మాత్రమే పోలిస్తే డబ్బు వృథా అవుతుంది.

థిక్‌నెస్ ప్లేనర్ చెక్క మందాన్ని అంతటా సమం చేస్తుంది, మెలికను తియ్యదు. రోలర్లు చెక్కను బల్లకి అదిమి పట్టుకున్నంతసేపూ అది చదునుగానే కనిపిస్తుంది, బయటికొచ్చాక మళ్ళీ మెలి తిరుగుతుంది. మెలిక పోవాలంటే ముందు ఒక ముఖం సర్ఫేస్ ప్లేనర్ మీద చదును కావాలి. అది లేకపోతే చెక్కను ఓ ప్లైవుడ్ పలక మీద పెట్టి, కింద సందులున్నచోట సన్నని చీలికలు దోపి, కదలకుండా బిగించి లోపలికి పంపాలి. రెండు మూడు చెక్కలకైతే సరే, మంచం మొత్తం చెయ్యాలంటే విసుగొస్తుంది.

మకీటా బరువు 28 కిలోలే. ఒక్కరే ఎత్తి బల్ల మీద పెట్టుకోవచ్చు. 304 మి.మీ. వెడల్పు, 155 మి.మీ. మందం వరకు తీసుకుంటుంది. 1650 వాట్ల మోటారు కాబట్టి ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్ చాలు. బ్లేడ్లు నిమిషానికి 8500 సార్లు తిరుగుతాయి, చెక్క నిమిషానికి 8.5 మీటర్లు కదులుతుంది. రెండు బ్లేడ్లున్నాయి కాబట్టి అర మిల్లీమీటరుకో కోత పడుతుంది. టేకు మీద ఆ గీతలు 120 నంబరు గరుకు కాగితంతో పోతాయి. 150 మి.మీ. లోపు వెడల్పుకి ఒక విడతకి 3 మి.మీ. తీయొచ్చని కంపెనీ లెక్క. ఎండిన టేకు, నల్లమద్ది మీద అర మిల్లీమీటరు దాటకపోవడమే మంచిది. టేకులో సిలికా ఉంటుంది, అది బ్లేడు పదునును త్వరగా తినేస్తుంది. బ్లేడ్లకి రెండు వైపులా పదునుంటుంది, ఒకవైపు పోతే తిప్పి పెట్టుకోవచ్చు. పాత దూలాల్లో విరిగిన మేకు ఒక్కటి మిగిలినా పదును అక్కడితో సరి. అందుకే చేతిలో పట్టే మెటల్ డిటెక్టర్ కూడా ఆ ఖర్చులోనే వేసుకోండి. బ్రష్ మోటారు కనుక చప్పుడు చాలా ఎక్కువ, చెవులకి మఫ్ తప్పదు.

పేరులేని దిగుమతి మిషన్లలో అసలు సమస్య విడిభాగాలు. బ్లేడు పొడవు, రంధ్రాల దూరం దేనికీ సరిపోకపోవచ్చు. రెండు జతల బ్లేడ్లు, ఒక బెల్టు, ఒక జత కార్బన్ బ్రష్‌లు మిషన్‌తోపాటే ఇవ్వలేనంటే ఆ దుకాణం నుంచి వెనక్కి వచ్చేయండి.

ఇక పాత ఇనుప మిషన్. మోటారు, బేరింగులు, బెల్టు అన్నీ మార్చుకోవచ్చు. 6205, 6206 లాంటి సాధారణ బేరింగులే చాలావాటిలో ఉంటాయి, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడిగిన వెంటనే దొరుకుతాయి. మార్చలేనివి బల్లలు, బ్లేడు బ్లాకు (బ్లేడ్లు బిగించి ఉండే, తిరిగే ఇనుప దిమ్మ). చూపు వాటిమీదే ఉండాలి. మూడడుగుల ఉక్కు స్కేలు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని ఉక్కు రేకుల సెట్టు) వెంట తీసుకెళ్ళండి. ముందు బల్లను వెనక బల్ల ఎత్తుకి తెచ్చి, స్కేలు రెండింటి మీదా పరిచి, కింద సందు కొలవండి. బల్లల చివర్లు కిందికి వాలి ఉంటే చెక్క అంచు మధ్యలో గుంటపడుతుంది, రెండు పలకలు అతికేటప్పుడు నడుమ వెలుతురు కనిపిస్తుంది. కాస్త వాలితే బల్ల జారే గాడిలో 0.1 మి.మీ. ఇత్తడి రేకు పెట్టి సరిచేయొచ్చు. అర మిల్లీమీటరు వాలిందంటే వదిలేయండి.

కొత్త రంగు మెరుస్తుంటే అనుమానించండి. బ్లాకు పక్కన బల్ల అంచు దగ్గర గీకి చూస్తే పగులు మీద పూసిన పుట్టీ బయటపడుతుంది. బెల్టు తీసి బ్లాకును చేత్తో తిప్పి, పైకీ కిందికీ కదపండి. గరగర వస్తే బేరింగులు పోయినట్టు, అది బేరంలో పనికొస్తుంది. బ్లేడ్లు బిగించే బోల్టుల మరలు అరిగితే మాత్రం బేరమే వద్దు, తిరుగుతున్న బ్లేడు ఎగిరొస్తుంది. నలుచదరం బ్లాకున్న మిషన్ ఎంత చవకైనా కొనకండి. దాని నోరు, అంటే బల్లల మధ్య సందు, వెడల్పు; వేళ్ళు లోపలికి లాగేస్తుంది. గుండ్రటి బ్లాకే కావాలి.

చాలామంది ఇబ్బందిపడేది కరెంటు దగ్గర. ఇలాంటి మిషన్లకి ఎక్కువగా 3 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. ‘వీఎఫ్‌డీ పెడితే సింగిల్ ఫేజ్‌లో నడుస్తుంది’ అని అమ్మేవాళ్ళు చెప్పే మాట సగమే నిజం. వీఎఫ్‌డీ అంటే మోటారుకిచ్చే కరెంటును మార్చి వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకునే మామూలు వీఎఫ్‌డీ 230 వోల్టుల త్రీ ఫేజ్ ఇస్తుంది. స్టార్, డెల్టా అనేవి మోటారు లోపలి చుట్లను కలిపే రెండు పద్ధతులు. మోటారు ప్లేటు మీద 415 వోల్టులు స్టార్ అని ఉండి, ఆరు వైర్లు బయటికొస్తే డెల్టాకి మార్చి నడపొచ్చు. 415 డెల్టా అని ఉంటే ఆ మోటారు ఈ పద్ధతిలో పూర్తి బలం ఇవ్వదు. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ధర కనుక్కుని, దాన్ని అడిగిన రేటులోంచి తగ్గించండి. పుల్లీలు కూడా లెక్కచూడండి: 2880 ఆర్‌పీఎం మోటారుకి 5 అంగుళాలు, బ్లాకుకి 3 అంగుళాలు ఉంటే 4800 వస్తుంది. 1440 మోటారును అవే పుల్లీలతో తగిలిస్తే వేగం సగానికి పడి చెక్క పీచులు లేస్తుంది.

అమెరికా నుంచి సామానుతో మిషన్ తెచ్చుకునేవాళ్ళకీ ఒక మాట. బ్రష్ మోటారు ప్లేనరైతే 3000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇక్కడ నడుస్తుంది. బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారైతే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందేగానీ 50 హెర్ట్‌జ్‌ని 60 చెయ్యదు. వేగం ఆరో వంతు తగ్గి మోటారు వేడెక్కుతుంది.

నా సిఫార్సు: చదును చేసే మిషన్ పాత ఇనుముది, మందం చేసే మిషన్ కొత్త దిగుమతిది. ఒక్కటే కొనగలిగి, కింది అంతస్తులో గట్టి నేల ఉంటే ముందు పాతదే. మేడ మీద గది అయితే దాన్ని ఎక్కించలేరు, మకీటాయే గతి. పాతదాన్ని తరలించేటప్పుడు బల్లలకి తాడు కట్టి లేపనివ్వకండి, కింది ఫ్రేముకే కట్టాలి. పాత మిషన్లకి బ్లాకు మీద కప్పే గార్డు తరచూ ఉండదు. అది చేయించి బిగించేదాకా స్విచ్ వెయ్యకండి.