బటన్ ఫోనా, టచ్ ఫోనా? సిక్కోలు, విజయనగరం షాపుల్లో బేరమాడేముందు

తీర్పు ముందే చెప్పేస్తాం. ఇంటికి ఒక మంచి టచ్ ఫోను ఉండాలి. ఆ ఇంట్లోనే పొలానికీ, చేపల వేటకీ, జీడిపిక్కల పనికీ పోయే మనిషికీ, డెబ్బై దాటిన పెద్దవాళ్లకీ 4జీ బటన్ ఫోను చాలు. డబ్బు దండగయ్యేది ఈ రెంటి మధ్య ఉన్న సరుకు మీద. ఐదారు వేలకు దొరికే రెండు, మూడు జీబీ ర్యామ్ (ఫోను పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) టచ్ ఫోను ఒకటి. "ఇందులో వాట్సాప్ కూడా వస్తాది" అని అంటగట్టే బటన్ ఫోను ఇంకొకటి.

బటన్ ఫోనుతోనే మొదలెడదాం, ఎక్కువమంది మోసపోయేది అక్కడే కాబట్టి. శ్రీకాకుళం జీటీ రోడ్డులో అడిగినా, విజయనగరం గంటస్తంభం దగ్గర అడిగినా ముందు వెయ్యి, పన్నెండొందల సరుకు బల్ల మీద పెడతారు. అందులో చాలామట్టుకు 2జీ. జియోకి 2జీ లేదు, 3జీ లేదు. 2016లో ఆ కంపెనీ మొదలైందే 4జీతో. మాట కూడా 4జీ మీదే నడుస్తుంది, దాన్నే వోల్టీ అంటారు. షాపులో ఎయిర్‌టెల్ సిమ్ వేసి చూపిస్తారు, చక్కగా మోగుతుంది. ఇంటికెళ్లి మీ జియో సిమ్ వేస్తే సిగ్నల్ గీత ఒక్కటి కూడా రాదు. ఫోను పాడు కాలేదు, షాపువాడు అబద్ధమూ ఆడలేదు. ఆ సిమ్‌కి కావలసిన నెట్‌వర్క్ ఆ ఫోనుకి పట్టదు, అంతే. అందుకని మీ సిమ్ మీరే పట్టుకెళ్లండి. డబ్బా మీద 4జీ, వోల్టీ రెండూ ఉన్నాయో లేదో చూసి, సిమ్ వేయించి, ఒకరికి ఫోను చేసి మాట్లాడాకే డబ్బు తీయండి.

బీఎస్ఎన్ఎల్ వాడేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఆ సంస్థ సొంత 4జీని 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించారు. అది 700, 2100 మెగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. ఫోను డబ్బాల మీద ఒక్కో తరంగానికి ఒక బ్యాండ్ నంబరు వేస్తారు, 700 అంటే బ్యాండ్ 28. చవక 4జీ బటన్ ఫోన్లలో కొన్నిటికి ఈ బ్యాండ్ ఉండదు. మందస, మెళియాపుట్టి వైపు కొండవార ఊళ్లకి దూరం నుంచి బాగా అందేది ఆ 700 తరంగమే కాబట్టి డబ్బా మీద బ్యాండ్ల వరుసలో 28 ఉందో లేదో వెతకండి. షాపులో ఇది అడిగితే వింతగా చూస్తారు. చూడనీయండి.

సరుకు పేర్లు కొన్ని. నోకియా 105 అని అడిగితే ఇచ్చేది 2జీ ఫోను. 2023లో వచ్చిన రకం అప్పటి ధర 1,299, బ్యాటరీ 1000 ఎంఏహెచ్. అదే ఏడాది వచ్చిన నోకియా 106 4జీ ధర 2,199, బ్యాటరీ 1450. ఎయిర్‌టెల్, జియో రెండూ మార్చి మార్చి వాడే ఇంటికి ఈ రెండో రకం ఫోనే నయం. 2023 జూలైలో 999కి వచ్చిన జియోభారత్ చవకే, దాని రీఛార్జీ కూడా చవకే: వచ్చినప్పుడు 28 రోజులకి 123 రూపాయలు, 14 జీబీ నెట్. కానీ అందులో జియో సిమ్ తప్ప ఇంకోటి పని చేయదు. మీ ఊళ్లో జియో టవరు గట్టిగా ఉంటే తీసుకోండి. లేకపోతే ఎంత చవకైనా వద్దు.

వాట్సాప్ ఉన్న బటన్ ఫోను సంగతి. పాత జియోఫోను లాంటివి కైఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి, అందులో వాట్సాప్ ఉండేది. 2024 జూన్ నుంచి వాటిలో కొత్తగా వాట్సాప్ ఎక్కించుకునే వీలు తీసేశారు. పాత స్టాకు అమ్ముకోవడానికి ఇంకా ఆ మాట వాడుతుంటే నవ్వేసి ఊరుకోండి.

ఇప్పుడు ఖర్చు. ఫోను ధర ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది, అసలు బరువు రీఛార్జీది. నెట్ అక్కర్లేనివాళ్లకి మాట, ఎస్ఎమ్మెస్ మాత్రమే ఉండే ప్యాకులు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక 2025 జనవరిలో కంపెనీలు వాటిని తెచ్చాయి. అప్పటి ధరలు ఇవీ: జియోలో 84 రోజులకి 448, 336 రోజులకి 1,748, ఎయిర్‌టెల్‌లో 84 రోజులకి 469, ఏడాదికి 1,849. రీఛార్జి కొట్టులో వీటి ఊసు వాళ్లంతట వాళ్లు ఎత్తరు, మీరే అడగాలి. అదే ఎయిర్‌టెల్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ నెట్ ఉన్న 84 రోజుల ప్యాకు అప్పట్లో 859. ధరలు మారుతుంటాయి, కొట్టే రోజున యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి. పై ధరల మీదే రెండేళ్ల లెక్క వేస్తే, 2,199 బటన్ ఫోనుకి రీఛార్జీలతో కలిపి సుమారు 5,900 అవుతుంది. పదివేల టచ్ ఫోనుకి తొమ్మిది రీఛార్జీలతో 17,700 దాటుతుంది, పౌచ్, టెంపర్డ్ గ్లాసు కాకుండానే. అంటే టచ్ ఫోను వల్ల నెలకి దగ్గరదగ్గర ఐదొందలు ఎక్కువ పడుతుంది. ఆ ఐదొందలకి అది ఇంట్లో ఏం పని చేసిపెడుతుందన్నదే చూడాలి.

చేసిపెట్టే పనులు ఉన్నాయి. గుజరాత్ వేరావల్‌లో చేపల బోటు మీద ఉన్న కొడుకు ముఖం, గల్ఫ్‌లో ఉన్న అల్లుడి ముఖం చూడాలంటే టచ్ ఫోను తప్ప దారి లేదు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో, వలస మీద బతికే ఇళ్లు ఇన్ని ఉన్నచోట ఇది చిన్న కారణం కాదు. రెండోది, 2025 జనవరి 30న రాష్ట్రం మొదలెట్టిన వాట్సాప్ సేవ మన మిత్ర. 95523 00009 నంబరుకి వాట్సాప్‌లో హాయ్ అని పెడితే కరెంటు బిల్లుల నుంచి రకరకాల ధ్రువపత్రాల దాకా పనులు జరుగుతాయి. మొదలైన రోజుకే 161 సేవలున్నాయి. మండలాఫీసుకి రెండుసార్లు ఆటోలో వెళ్లొచ్చే ఖర్చు తప్పినా ఆ నెల ఐదొందల్లో కొంత వెనక్కి వచ్చినట్టే. మూడోది పిడుగులు. పుణేలోని వాతావరణ సంస్థ ఐఐటీఎమ్ తయారుచేసిన దామిని యాప్, మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చెబుతుంది. ఊడుపుల వేళ పొలంలో ఉన్నవాళ్లకి ఇది పనికొచ్చే సరుకు. కాకపోతే లొకేషన్ ఆన్‌లో ఉండాలి, నెట్ ఉండాలి. మాట ప్యాకు మాత్రమే వేసిన టచ్ ఫోనులో ఈ యాప్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నాలుగోది, రిటైరైన ఉద్యోగులు పింఛను కోసం బతికే ఉన్నామని ఏటా ఇచ్చే పత్రం, జీవన్ ప్రమాణ్: ముఖం చూపించి ఇంట్లోంచే పంపేయొచ్చు. ఈ పనికి మాత్రం ముందు కెమెరా శుభ్రంగా ఉండాలి, వెలుగు ముఖం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే పదిసార్లు తీసినా ఒప్పుకోదు.

టచ్ ఫోను కావాలని జనం అనుకునే పనుల్లో కొన్నిటికి అసలు అక్కర్లేదు. ఓటీపీ మామూలు ఎస్ఎమ్మెస్‌గానే వస్తుంది, బటన్ ఫోనుకి కూడా. పీఎం కిసాన్ ఈకేవైసీ ఆధార్‌కి కలిపిన నంబరు ఉంటే ఓటీపీతోనో, మీసేవ వంటి కేంద్రాల్లో వేలిముద్రతోనో అయిపోతుంది. సామాజిక పింఛను ఇంటికొచ్చి ఇస్తారు. ఊళ్లో బ్యాంకు తరఫున పని చేసే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్, వేలిముద్రతో డబ్బు తీయడానికి మీ చేతిలో ఫోనే ఉండక్కర్లేదు.

బటన్ ఫోనులో యూపీఐ ఉందా అంటే ఉంది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు తెచ్చిన యూపీఐ 123పే. 080 4516 3666 కి ఫోను చేసి, భాష ఎంచుకుని, బ్యాంకు పేరు చెప్పి, డెబిట్ కార్డు వివరాలతో పిన్ పెట్టుకోవాలి. ఒక్కో చెల్లింపుకి పదివేల దాకా పంపొచ్చు. ఊళ్లోవాళ్ల నంబరుకి డబ్బు పంపడానికి బాగానే ఉంటుంది. సంతలో, బస్టాండు కొట్టులో మాత్రం పనికిరాదు: క్యూఆర్ కోడు చదివే కెమెరా ఉండదు, ఆ రొదలో అవతలి గొంతు వినబడదు, వెనక నలుగురు నిలబడి ఉంటారు. అలాంటి చోట పర్సులో వంద నోటే మెరుగు.

చాలామంది ఆలోచించని చిక్కొకటి ఉంది. "బ్యాంకు నంబరు సిమ్ నాన్న బటన్ ఫోనులో ఉంచి, అదే నంబరుతో ఫోన్‌పే నా ఫోనులో పెట్టుకుంటాను" అంటే కుదరదు. యూపీఐ యాప్ పెట్టుకునేటప్పుడు ఆ ఫోనులోంచే, ఆ సిమ్ నుంచే బ్యాంకుకి ఒక ఎస్ఎమ్మెస్ వెళ్లాలి. సిమ్ ఇక్కడ, యాప్ అక్కడ అంటే సరిపడదు. అందుకని ఇంట్లో టచ్ ఫోను ఎవరి చేతికివ్వాలో తేల్చుకునేముందు బ్యాంకు సిమ్ ఏది, ఆధార్‌కి కలిపిన సిమ్ ఏది అన్నది కాగితం మీద రాసుకోండి. ఆ రెండు సిమ్‌లూ టచ్ ఫోనులోకి, మాట్లాడుకునే సిమ్ బటన్ ఫోనులోకి. పొలంలో ఫోను పడిపోయినా, కాలవలో పోయినా డబ్బుకి తాళం పడదు.

టచ్ ఫోను కొనేటప్పుడు చూడాల్సింది కెమెరా మెగాపిక్సెళ్లు కాదు, ర్యామ్. 4 జీబీకి తగ్గితే వద్దు. డబ్బా మీద "8 జీబీ" అని పెద్దగా, పక్కన చిన్నగా "4+4" అని ఉంటుంది. ఆ రెండో 4 అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అప్పు తెచ్చుకున్నది. దానివల్ల ఫోను వేగంగా ఏమీ పోదు. స్టోరేజీ 128 ఉంటే మంచిది. 32 జీబీ ఫోనులో సిస్టమే సగం దాకా తినేస్తుంది, మిగిలింది పెళ్లి గ్రూపుల వీడియోలు మింగేస్తాయి. స్టోరేజీ నిండిన ఫోను యాప్‌కి కొత్త వెర్షన్ ఎక్కించుకోలేదు, ఎక్కించుకోని బ్యాంకు యాప్ ఒక రోజు తెరుచుకోవడం మానేస్తుంది. ఏడాదికే "ఫోను స్లో అయిపోనాది" అని షాపుకి తిరిగొచ్చేవాటిలో ఎక్కువ ఈ రకమే. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే సగం రోగం కుదురుతుంది.

ఈఎంఐ మీద తీసుకుంటే కాగితం చదవండి. జీరో వడ్డీ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు వేరే ఉంటుంది. కొన్ని ఫైనాన్సుల్లో వాయిదా తప్పితే ఫోనునే తాళం వేసే యాప్ ముందే ఎక్కిస్తారు. పంట డబ్బు చేతికి వచ్చాక ఒకేసారి కొనుక్కోవడం ఈ బాధ కన్నా హాయి.

రిపేర్ల మాటకొస్తే బటన్ ఫోను గెలుస్తుంది. నోకియా పాతరకాల్లో వచ్చే బీఎల్-5సీ బ్యాటరీ ఏ మండలకేంద్రంలోనైనా దొరుకుతుంది. మూత తీసి మీరే మార్చుకోవచ్చు. బటన్లు నొక్కినా పడకపోతే చాలాసార్లు కింద చెమట, దుమ్ము చేరడమే కారణం, శుభ్రం చేయిస్తే సరి. పదివేల టచ్ ఫోను కింద పడి అద్దం పగిలితే డిస్‌ప్లే, టచ్ కలిసిన కాంబో మార్చడానికి పదిహేను వందల నుంచి మూడు వేల దాకా పడొచ్చు. చవక కాంబో వేయిస్తే వెలుతురు తగ్గుతుంది, టచ్ అంచుల్లో పట్టదు.

సముద్రంలో తడిసిన ఫోనుకి వైద్యం వేరు. ఉప్పునీటిలో కరెంటు పారుతుంటే బోర్డు మీద రాగి గంటల్లో పచ్చబడుతుంది. బటన్ ఫోనైతే వెంటనే బ్యాటరీ ఊడదీసి, మంచినీటితో కడిగి, రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాలి. టచ్ ఫోను బ్యాటరీ ఊడదు, స్విచ్ ఆఫ్ చేసి ఆ రోజే మెకానిక్ దగ్గరికి పరుగెత్తాలి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉప్పు పోదు, తవుడు మాత్రం ఛార్జింగ్ పిన్నులో చేరుతుంది.

తుఫాను రోజులు మన వైపు లెక్కలోకి తీసుకోకుండా ఫోను కొనకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాన్లు వచ్చి పోయాక ఇక్కడి చాలా ఊళ్లలో కరెంటు రావడానికి రోజులు పట్టింది. 2జీ బటన్ ఫోను ఒక్క ఛార్జింగుతో వారం, 4జీది మూడు నాలుగు రోజులు నిలుస్తుంది, పైగా టార్చి ఉంటుంది. 5000 ఎంఏహెచ్ టచ్ ఫోను ఒకటిన్నర రోజు. టవరు దూరమైతే సిగ్నల్ వెతుక్కుంటూ అది కూడా నిలవదు. 10,000 పవర్ బ్యాంకు ఉంటే రెండుసార్లు ఎక్కుతుందనుకోకండి. లోపలి సెల్ 3.7 వోల్టులది, బయటికి వచ్చేది 5 వోల్టులు. ఆ మార్పిడిలోనూ వేడిలోనూ పోగా చేతికొచ్చేది ఆరు వేల పైచిలుకు. ఒక ఫోనుకి ఒకసారి, కొంచెం మిగులు.

మోసాల విషయంలో బటన్ ఫోను కొంత కాపు కాస్తుంది. పీఎం కిసాన్ పేరుతో, చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో దొంగ యాప్ ఎక్కించేది) దానిలో ఎక్కదు. ఓటీపీ అడిగే దొంగ ఫోన్లు మాత్రం దానికీ వస్తాయి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కి ఫోను చేయాలి, ఆలస్యం చేసేకొద్దీ దొరకదు. ఆపదలో బటన్ ఫోనుపై 5 గానీ 9 గానీ గట్టిగా నొక్కి పట్టుకుంటే అత్యవసర నంబరు 112 కి కాల్ వెళ్లాలి. ఇంట్లో పెద్దవాళ్లకి ఆ మీట చూపించి పెట్టండి.

పాత ఫోను కొంటున్నారా, ముందు *#06# కొట్టి ఐఎమ్ఈఐ నంబరు (ఒక్కో ఫోనుకి విడిగా ఉండే గుర్తింపు నంబరు) చూడండి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, కాస్త చోటు వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422 కి ఎస్ఎమ్మెస్ పంపితే ఫోను సంగతి చెబుతుంది. బ్లాక్ అయినదనో, నకిలీ నంబరనో వస్తే బేరం అక్కడితో వదిలేయండి. కొత్తది కొన్నా అదే నంబరు బిల్లు మీద వేయించుకోండి. ఫోను పోయినప్పుడు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి పోలీసు ఫిర్యాదుతోపాటు ఆ బిల్లే అక్కరకొస్తుంది, కాబట్టి డబ్బాలో వదిలేయకుండా రేషన్ కార్డు ఉన్న కవరులో పెట్టండి.